మంచు ఫోను

ఆసీ బరిడ్జ్ తన చిక్కుడు విత్తనాన్ని ఆ క్వీన్స్‌లాండ్ మనిషి చేతిలో పెట్టబోతున్నాడట. లోర్నాకి ఈ కబురు మోసుకొచ్చింది పక్కింటి మ్యూరియల్. మ్యూరియల్‌కి మాంసం కొట్టు దగ్గర తెలిసిందట. కొట్టతనికి ఎవరు చెప్పారో ఆమె అడగలేదు. అలాంటివి అడిగితే కబురు పలచబడిపోతుందని ఆమెకు బాగా తెలుసు.

"నీకింకా తెలీదా? అయ్యో లోర్నా, నా నోటితో వినాల్సొచ్చిందే నీకు!" అందట, కంచె మీద మోచేతులు ఆనించి. అంటున్నప్పుడు ఆమె మొహం పుట్టినరోజు కేకు లాగా వెలిగిపోయిందని లోర్నా భర్త క్లెమ్ తర్వాత నాతో చెప్పాడు. అతను అప్పుడు కట్టెలు చీలుస్తున్నాడు. కట్టెలు చీల్చేవాడికి చెవులుండవని మా ఊళ్లో ఆడవాళ్ల నమ్మకం.

ఆ చిక్కుడు సంగతి ముందు చెప్పాలి. భూమికి దక్షిణపు కొసన, హ్యూవన్ నది ఒడ్డున, పాత ఆపిల్ గోదాము వెనక మా తోట ఉంది. వాగు వరకు ఏటవాలుగా దిగే నేల, దాన్ని మడులుగా పంచుకుని తలా ఒకటి చేసుకుంటాం. తోటలో అందరం వేసేది ఒకే తీగ చిక్కుడు. తెల్లటి గింజ, మీద ఎర్రటి మచ్చ. ఆసీ వాళ్లమ్మ నాటి విత్తనం. దానికో పద్ధతి ఉంది. కాయ కోసి వండుకోవడం అందరిదీ, విత్తనానికి గింజ ఆపడం ఒక్కరిదే. వసంతంలో ఆసీ మడి మడికీ వచ్చి సీసా ఖాళీ అయ్యేదాకా గుప్పెడేసి గింజలు చేతిలో పోస్తాడు. పోసినవన్నీ వేసేయాలి, ఎవరూ మిగుల్చుకోకూడదు. చివర తన మడిలో ఒక్క సాలు మాత్రం కొయ్యకుండా కర్రల మీదే ఎండనిచ్చి, దాన్నుంచి మరుసటి ఏడుకి విత్తనం తీస్తాడు. ఎందుకిలా అంటే, నలుగురు నాలుగు రకాలుగా దాస్తే గింజ చెడుతుందంటాడు. ఎవరూ ఎదురు చెప్పలేదు. నిజానికి ఆ గుప్పెడు చేతిలో పడే క్షణం మా అందరికీ ఇష్టం.

ఈ ఏడు ఆసీకి తుంటి ఆపరేషన్ అయింది. ఈస్టర్ నాడు చెప్పేశాడు, ఇక మడి చెయ్యలేనని. తోట మూసే రోజు భోజనాల దగ్గర ఆ ఏటి గింజల సీసాను ఒకరి చేతిలో పెడతానని కూడా అన్నాడు. ఎవరికని ఎవరూ అడగలేదు. ఇంకెవరికి, లోర్నాకే. కర్రలు కట్టడం, తీగ తిప్పడం, కాయ గలగలమనే దాకా ఆగడం, అన్నీ ఆయన దగ్గరే నేర్చుకుంది. ఆయన తోటలో అందరినీ పేరు పెట్టి పిలుస్తాడు, లోర్నాను మాత్రం "పిల్లా" అంటాడు. లోర్నాకి మనవలున్నారు.

మధ్యలో ఊడిపడింది షెర్లీన్.

కిందటి చలికాలం వెళ్లాక, ఎండలు కాసే క్వీన్స్‌లాండ్ నుంచి వచ్చారు మొగుడూ పెళ్లాలు. అప్పుడే గోడ మడి ఖాళీ అయింది. గోడ మడి అంటే గోదాము ఇటుక గోడకి ఉత్తరాన, రోజంతా ఎండ మొహాన పడే చోటు. మా వైపు ఎండ వచ్చేది ఉత్తరం నుంచే. పొద్దుటినుంచి తాగిన ఎండని ఆ గోడ రాత్రంతా కక్కుతూనే ఉంటుంది. లోర్నా మడి కింద వాగు పక్కన పల్లంలో ఉంది. చలి ముందుగా దిగేదీ, ఆఖరున లేచేదీ అక్కడే. గోడ మడి కోసం ఆమె ఎన్ని ఏళ్లుగా కాచుకుని ఉందో మాకు తెలుసు. కానీ ఖాళీ మడికి టోపీలో చీటీలు వెయ్యడం మా ఆనవాయితీ. టోపీలో చెయ్యి పెట్టింది ఆసీయే. పైకొచ్చింది షెర్లీన్ పేరు.

లోర్నా చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్లు నేను చూశాను.

ఆ పైన షెర్లీన్‌కి పండిన పంట చూడాలి. మంచు మొహం ఎరగని మనిషి, ఏ నెలలో ఏం వెయ్యాలో అడిగి తెలుసుకున్న మనిషి, టమాటాలు గుత్తులు గుత్తులుగా కాయించింది. వేసవిలో ఇదేమంత నొప్పి కాదు. వేసవిలో అందరికీ పండుతుంది. దోసకాయల్లాంటి జుకినీలు వద్దన్నా వినకుండా ఎదుటివాళ్ల కార్లలో పెట్టి పారిపోయే రోజులు అవి. అసూయపడ్డానికి తీరిక ఉండదు. ఆకురాలు కాలం రాగానే ఎవరి మడిలో ఏం మిగిలిందో దాచుకుందామన్నా దాగదు.

ఏప్రిల్‌లో, అంటే మా ఆకురాలు కాలంలో, మా మనసులు మాకే అర్థం కావు. నీళ్లు మోసి మోసి నడుములు పడిపోయి ఉంటాయి. "వచ్చేస్తే బాగుణ్ణు ఆ గడ్డమంచు, మొక్కలన్నీ చచ్చి పీడా వదిలిపోతుంది" అని పొద్దున అన్నవాళ్లే సాయంత్రం పాత దుప్పట్లు చంకన పెట్టుకుని మొక్కలు కప్పడానికి పరిగెడతారు. ఇంకో వారం, ఇంకో నాలుగు కాయలు. పీకి పారేసిన తీగల వాసన చేతులకి అంటుకుంటే, కడుక్కోవడానికి మనసొప్పదు. పక్క మడి ఇంకా పచ్చగా ఉంటే మాత్రం, మంచు ముందు అక్కడ పడితే బాగుండునని లోపలెక్కడో అనిపిస్తుంది. ఈ మాట ఎవరూ పైకి అనరు. నేను అంటున్నాను.

మ్యూరియల్ కబురు చెప్పిన మర్నాడు లోర్నా బకెట్ పట్టుకుని గోడ పక్కనుంచి నడిచింది. ఆమె మడికి దారి అది కాదు. గోడకి ఆనించిన కుర్చీలో ఆసీ, చేతిలో టీ కప్పు. షెర్లీన్ బోర్లించిన డబ్బా మీద కూర్చుని ఆయన చెప్పేది వింటోంది. లోర్నాని చూడగానే ఇద్దరూ మాట ఆపేశారు.

"ఏం పిల్లా, నీ టమాటాలు ఎర్రబడ్డాయా?" అన్నాడు ఆసీ.

"పల్లంలో ఎర్రబడ్డమా? పచ్చికాయల ఊరగాయ పెట్టుకోవడమే నా రాత."

"నావి పట్టుకెళ్లు లోర్నా," అంది షెర్లీన్. "మేం తినలేకపోతున్నాం. మా ఆయన టమాటా కనిపిస్తే గోడ దూకేలా ఉన్నాడు."

"మాకున్నవి చాలు."

"గడ్డమంచు ఎప్పుడొస్తుందంటావు? నాకు భలే చూడాలనుంది. మా వైపు దాన్ని ఫ్రిజ్‌లోనే చూశాం."

ఆసీ టీ ఒలికేలా నవ్వాడు. ఆ నవ్వు తర్వాత దగ్గు, దగ్గు తర్వాత మళ్లీ నవ్వు. లోర్నాకి ఆ నవ్వు తెలుసు. అది ఇన్నాళ్లూ ఆమె సొత్తు.

"నవ్వండి నవ్వండి, కుట్లు ఊడతాయి," అంది లోర్నా.

"నీతో ఓ మాటుంది పిల్లా," అన్నాడు ఆసీ కళ్లు తుడుచుకుంటూ. "భోజనాల నాడు చెప్తాలే."

ఇక చెప్పేదేముంది, బుజ్జగింపే కదా అనుకుంది లోర్నా. ఇంటికెళ్లి క్లెమ్‌తో ఆ మాటే అంది.

"అది నీ ఊహ," అన్నాడు క్లెమ్.

"నన్ను చూసి మాట ఆపేశారు."

"నిన్ను చూస్తే నేనూ ఆపేస్తాను."

ఆమె నవ్వలేదట.

భోజనాలు ఆదివారం. అంతకు ముందు గురువారం సాయంత్రం గాలి ఒక్కసారిగా ఆగిపోయింది. రేడియోలో చలి అన్నారు గానీ మంచు మాట ఎత్తలేదు. రేడియోకి మా వాగు సంగతి తెలీదు. మా ఇల్లు ఆ వాగు పక్కనే. పొయ్యి గొట్టం పొగ పైకి వెళ్లకుండా కంచె మీద చాపలా పరుచుకుంది. ఆకాశంలో మబ్బు తునక లేదు. నేను మంచు ఫోను మొదలుపెట్టాను.

మంచు ఫోను మా ఏర్పాటు. ఎవరు ముందు పసిగడితే వాళ్లు తమ తర్వాతి వాళ్లకి చేస్తారు, వాళ్లు ఆ తర్వాతి వాళ్లకి. మా వరసలో నేను లోర్నాకి, లోర్నా షెర్లీన్‌కి, షెర్లీన్ ఆసీకి. ఆసీ ఇల్లు తోటకి ఎదురుగానే కాబట్టి ఆయన చివర. ఆపరేషన్ తర్వాత ఆయన పొద్దు వాలగానే తెరలు వేసి పొయ్యి ముందు కూలబడుతున్నాడు, అందుకని ఆయనకి ఫోన్ చేసే మనిషే వెళ్లి ఆయన చిక్కుడు సాలు కప్పి రావాలని అనుకున్నాం. ఆ పని గోడ మడితో పాటు షెర్లీన్‌కి వచ్చింది. లోర్నాకి మండిన వాటిలో ఇదీ ఒకటి.

"వస్తుందంటావా?" అంది లోర్నా ఫోన్‌లో.

"మా పొగ చూస్తే నువ్వే చెప్తావు. కప్పేయండి. షెర్లీన్‌కి మర్చిపోకు, ఆ మనిషికి గుర్తులు తెలీవు."

"నేను చెప్తాలే," అంది.

తర్వాత జరిగింది క్లెమ్ చెప్పినది. లోర్నా దుప్పట్లు చంకన పెట్టుకునే ఫోన్ చేసింది. అటు రెండుసార్లు మోగింది. అంతే, కట్ చేసి కోటు జేబులో పడేసుకుంది.

"ఎత్తిందా?" అన్నాడు క్లెమ్ గుమ్మంలోంచి.

"లేదు."

"ఇంకోసారి చెయ్యి."

"చీకటి పడుతోంది, పద."

కారులో ఉండగా జేబులో ఫోన్ మోగింది. ఆమె తీసి చూసింది. తెర వెలుగులో పేరు క్లెమ్‌కి కూడా కనిపించింది. అది మోగి మోగి ఆగిపోయింది.

"ఎవరు?" అన్నాడతను, తెలిసే.

"ఏదో అమ్మేవాళ్లు."

ఆమె కళ్ల ముందు ఒకే బొమ్మ ఉండుంటుంది. గోడ పక్కన ఆ ఎర్రటి గుత్తులు పొద్దున్నే నల్లగా, తడి గుడ్డపీలికల్లా వేలాడటం. షెర్లీన్ తర్వాత ఆ వరసలో ఇంకో ఇల్లు ఉందన్న సంగతి ఆ బొమ్మలో లేదు. వాగు వైపు గేటులోంచి దిగి ఇద్దరూ తమ టమాటాలు కప్పారు. పై మడులవాళ్లం మా మా దుప్పట్లతో అవస్థ పడుతున్నాం. ఆసీ సాలు షెర్లీన్ చూసుకుంటుంది కదా అని అటు ఎవరమూ వెళ్లలేదు.

తెల్లారేసరికి తోటంతా ఉప్పు చల్లినట్టుంది. కాళ్ల కింద గడ్డి కరకరలాడింది. లోర్నా దుప్పట్లు అట్టల్లా బిగుసుకుపోయి ఉన్నాయి. అవి చెమ్మ పట్టి ఆకులకి అతుక్కుని, చలిని ఆపాల్సింది పోయి లోపలికి దించాయి. ఎత్తి చూస్తే కింద ఉడికించిన ఆకుకూర. పల్లంలో చలి మడుగు కట్టినట్టు నిలబడుతుంది, ఎన్ని కప్పినా అంతే. లోర్నాకిది కొత్త కాదు. ఆమె దుప్పటి కింద పడేసి నేరుగా గోడ వైపు నడిచింది.

గోడ మడిలో ఒక్క ఆకు ముడుచుకోలేదు. ఒక్క దుప్పటి కూడా కప్పకుండా, ఇటుకల వెచ్చదనంలో ఆ టమాటాలు రాత్రంతా హాయిగా నిద్రపోయి లేచినట్టున్నాయి. షెర్లీన్ రబ్బరు బూట్లు వేసుకుని తెల్లటి గడ్డిని ఫొటోలు తీసుకుంటోంది.

"లోర్నా! ఇదేనా గడ్డమంచు? ఎంత బావుందో! మా అక్కకి పంపిస్తే నమ్మదు."

లోర్నా ఏమందో నాకు వినపడలేదు. అప్పటికి నా చూపు పై సాలు మీద ఉంది. ఆసీ చేతికర్ర ఊతంగా నిలబడి ఉన్నాడు. చిక్కుడు కాయలన్నీ గాజులా మెరుస్తున్నాయి, ఎండ తగిలినవి అప్పుడే నల్లబడి నీరు కారుతున్నాయి. ఆయన ఒకటి కోసి బొటనవేలితో చీల్చాడు. ఇంకా చెమ్మ పూర్తిగా ఆరని గింజ, గడ్డకట్టి కరిగి మెత్తగా ఉంది. అలాంటిది మొలవదు. ఇంకో కాయ చీల్చాడు. ఇంకోటి. తర్వాత జేబురుమాలు తీసి వేలు తుడుచుకుని ఇంట్లోకి వెళ్లిపోయాడు. ఫోన్ రాలేదా అని ఆయన్ని అడగడానికి మాలో ఎవరికీ నోరు రాలేదు. షెర్లీన్ ఫొటోలు ఆపేసి, బూట్లతోనే ఆయన వెనక పరిగెత్తింది.

లోర్నా ఆ సాలు ముందు చాలాసేపు నిలబడింది. ఒక్కో కాయ పట్టుకుని చూసింది, గట్టిగా ఉన్నది ఒక్కటైనా దొరుకుతుందేమోనని. క్లెమ్ వచ్చి భుజం తట్టాకగానీ కదల్లేదు.

ఆదివారం గోదాములో భోజనాలు. ఏటా లాగే గొర్రె మాంసం, వేయించిన బంగాళాదుంపలు, గుమ్మడికాయతో చేసే స్కోన్ రొట్టెలు, మ్యూరియల్ తెచ్చే రంగు రంగుల జెల్లీ. అందరి మడులూ ఖాళీ అయిపోయాయి కాబట్టి అందరం ఒకరితో ఒకరం బాగానే ఉన్నాం. షెర్లీన్ పెద్ద పళ్లెం నిండా ఎర్రటి టమాటాలు తెచ్చి బల్ల మధ్య పెట్టింది. వాటిని అందరూ తిన్నారు, లోర్నా తప్ప.

ఆసీ ఖాళీ సీసా తెచ్చి తన పళ్లెం పక్కన పెట్టుకున్నాడు. "ఈసారి చేతిలో పెట్టడానికేం లేదు," అన్నాడు. "క్షమించాలి మీరంతా."

"మీరెందుకండీ క్షమించమనడం?" అంది మ్యూరియల్, కబురు వాసన తగిలిన గొంతుతో. "ఇంతకీ మీకు ఫోన్ రాలేదా?"

"రాలేదు."

అందరి చూపులూ షెర్లీన్ మీదికి మళ్లాయి. ఆమె మొహం టమాటా కంటే ఎర్రబడింది. "నాకు రాలేదు. వచ్చుంటే నేను ఆసీ దగ్గరికి వెళ్లనా?"

"నేను చేశాను," అంది లోర్నా. "నువ్వు ఎత్తలేదు."

"రెండుసార్లు మోగి ఆగిపోయింది. గిన్నెలు కడుగుతున్నా, చేతులు తుడుచుకుని వెంటనే తిరిగి చేశాను." షెర్లీన్ గొంతులో నింద లేదు, నిజంగానే అర్థం కాక చెబుతోంది. "నువ్వెత్తలేదుగా లోర్నా. పొరపాటున తగిలుంటుందిలే అనుకున్నా."

క్లెమ్ బంగాళాదుంప కోస్తున్నాడు. అది ఎప్పుడో తెగిపోయింది, అయినా కోస్తూనే ఉన్నాడు.

"కారులో ఉన్నాం," అంది లోర్నా. "వినపడలేదు."

క్లెమ్ తల ఎత్తలేదు. ఆసీ క్లెమ్‌ని చూశాడు, తర్వాత లోర్నాని చూశాడు.

మాట మారుద్దామని కాబోలు, షెర్లీన్ మళ్లీ అందుకుంది. "పాపం ఆసీ నెల రోజులుగా నా ప్రాణం తోడేశాడు. విత్తనం లోర్నాకిస్తున్నాను, పల్లంలో చలికి గింజ ఎండదు, నీ గోడ కింద ఒక సాలు తనకి వదులు అని. సరేనన్నా. అర్ధ మడి ఇచ్చేస్తాలెండి, నాకీ టమాటాలు ఎక్కువే అని కూడా అన్నా. నీకు ఇవాళ చెప్పి ఆశ్చర్యపరుద్దామనుకున్నాం. ఇప్పుడు గింజే లేకపోయె."

మ్యూరియల్ జెల్లీ గిన్నె వైపు వంగి చెంచా వెతుక్కోసాగింది. చెంచా ఆమె చేతిలోనే ఉంది.

లోర్నా ఇక ఏడుస్తుందనుకున్నాం. కానీ ఆమె మొహంలో ఒక్కసారిగా ఏదో వెలిగింది.

"గింజలున్నాయి," అంది. "నా దగ్గరున్నాయి ఆసీ. మీరు పోసిన గుప్పెట్లో ఏటా సగం వెయ్యకుండా ఆపాను. తప్పే. పద్ధతి కాదని తెలుసు. ఎప్పటికైనా మీ విత్తనం నా దగ్గర కాస్త ఉండాలని... అంతే. టీ డబ్బాలో పెట్టాను, చెమ్మ తగలకుండా, మీరు నేర్పినట్టే. కిందటేటివి తప్పకుండా మొలుస్తాయి." మాటలు ఒకదాన్నొకటి తోసుకుంటూ వస్తున్నాయి. "రేపే తెస్తాను. వసంతం రాగానే గోడ కింద నేనే కర్రలు పాతుతాను. ఒక్క గింజ పోదు. మీరు కుర్చీలో కూర్చుని చూద్దురుగాని."

బల్ల చుట్టూ ఊపిరి తేలికపడింది. ఎవరో "హమ్మయ్య" అన్నారు. షెర్లీన్ చప్పట్లు కొట్టబోయి, ఆసీ మొహం చూసి చేతులు దించేసింది.

ఆసీ ఖాళీ సీసా తీసుకున్నాడు. మూత బిగించాడు. దాన్ని మెల్లగా బల్ల మీద జరుపుకుంటూ, టమాటాల పళ్లెం పక్కనుంచి, షెర్లీన్ ముందు పెట్టాడు.

"ఆ డబ్బా షెర్లీన్‌కి ఇచ్చెయ్ లోర్నా," అన్నాడు. "తను తిరిగి ఫోన్ చేసే మనిషి."